ఎదిగే వయసులో కండల మందు
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో ఫీజుల గురించి, స్కాలర్‌షిప్‌ల గురించి, వైద్య శిబిరాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మన బస్తీ కుర్రాళ్లు జిమ్ కావాలని అర్జీ పెట్టుకున్నారు. పరికరాలు కొనివ్వడానికి కొందరు దాతలు ముందుకు వచ్చారు. ఒక డాక్టరుగా మీరేమంటారని కార్యదర్శి గారు నన్ను అడిగారు. ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి అన్నాను. సాయంత్రాలు రోడ్డు మీద కూర్చునే పిల్లవాడు ఇనుము ఎత్తితే సంతోషమే. కాని ఆ ఇనుము వెంట ఇంకొకటి లోపలికి రాకుండా చూసుకోవాలి. అదే స్టెరాయిడ్.

ముందు ఒక అపోహ తొలగించాలి. స్టెరాయిడ్ అనే మాట వినగానే ఉబ్బసానికి పీల్చే మందు మానేసేవాళ్లు ఉన్నారు. అది వేరే రకం. ఉబ్బసానికి, అలర్జీకి, కీళ్లవాతానికి డాక్టర్లు రాసే ప్రెడ్నిసొలోన్ వంటివి కండలు పెంచవు. వాటిని డాక్టరును అడగకుండా ఆపకూడదు. నేను చెప్పేది అనబాలిక్ స్టెరాయిడ్ల గురించి. అంటే మగతనాన్నిచ్చే టెస్టోస్టెరాన్ హార్మోను, దాన్ని పోలినట్టు ఫ్యాక్టరీలో తయారుచేసిన మందులు. నాండ్రొలోన్, స్టానొజొలోల్, మెథాన్‌డైనోన్ వంటి పేర్లతో ఉంటాయి. టెస్టోస్టెరాన్‌ను ప్రయోగశాలలో తొలిసారి తయారుచేసింది 1935లో. కొన్ని జబ్బులకు ఈ మందులు నిజంగా అవసరం. కాని కండల కోసం వాడేవాళ్లు వైద్యంలో ఇచ్చే మోతాదుకు 10 నుంచి 100 రెట్ల దాకా ఎక్కించుకుంటారు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

పెద్దవాళ్లకు కూడా ఇది చెడే. రక్తంలో మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, చెడ్డది పెరుగుతుంది. బీపీ ఎక్కుతుంది. గుండె గోడలు మందమవుతాయి, రక్తం చిక్కబడుతుంది. చూడ్డానికి పహిల్వానులా ఉన్న మనిషికి చిన్న వయసులోనే గుండెపోటు రావడానికి ఇవి చాలు. మాత్రల రూపంలో మింగేవి కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కామెర్లు తెప్పిస్తాయి. ఒకే సూదిని నలుగురు వాడుకుంటే హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి అంటుకుంటాయి.

పదిహేనేళ్ల పిల్లవాడికి దీనిపైన ఇంకో నష్టం ఉంది. ఎముకల చివర్లలో మెత్తని పెరుగుదల పొరలు ఉంటాయి. అవి తెరుచుకుని ఉన్నంతకాలమే మనిషి పొడవు పెరుగుతాడు. బయటి నుంచి వచ్చిన టెస్టోస్టెరాన్‌లో కొంత భాగాన్ని శరీరం ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోనుగా మార్చుకుంటుంది. ఆ పొరలను మూసివేసేది ఈ ఈస్ట్రోజనే. పద్దెనిమిదేళ్లకు మూతపడాల్సినవి ముందే మూతపడితే ఆ బిడ్డ ఎత్తు అక్కడితో ఆగిపోతుంది. ఏ మందూ దాన్ని మళ్లీ తెరవలేదు. ఛాతీ మీద ఆడపిల్లలకు వచ్చినట్టు రొమ్ములు పెరగడానికీ ఇదే కారణం. ముదిరితే ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది. మరో పక్క, బయటి నుంచి హార్మోను వస్తోంది కదా అని శరీరం తన సొంత తయారీ మానేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి. రేపు పెళ్లయి పిల్లలు కలగక ఆసుపత్రుల చుట్టూ తిరగాల్సింది ఆ పిల్లవాడే. ఆడపిల్లలు వాడితే గొంతు మగగొంతు అవుతుంది, మందు మానినా తిరిగి రాదు.

మనసు మీద దెబ్బ ఇంకొకటి. వాడుతున్నప్పుడు చీటికిమాటికి కోపం, చేయి చేసుకోవడం. ఉన్నట్టుండి ఆపితే సొంత హార్మోను లేక దిగులు, నీరసం. ఆత్మహత్య ఆలోచనలు కూడా వస్తాయి.

ఇంత చెడ్డదైతే పిల్లలు ఎందుకు తీసుకుంటున్నారు? చాలాసార్లు వాళ్లకు అది ఏమిటో తెలియదు. నమ్మిన మనిషి చేతి నుంచి, వేరే పేరుతో వస్తుంది. ఒకప్పటి తూర్పు జర్మనీ చరిత్రే దీనికి సాక్ష్యం. 1974 నుంచి అక్కడి ప్రభుత్వమే ఒక రహస్య పథకం పెట్టి వేలాది క్రీడాకారులకు స్టెరాయిడ్లు ఇచ్చింది. వాళ్లలో ఎంతోమంది ఈత కొట్టే చిన్న ఆడపిల్లలు. కోచ్‌లు ఇచ్చిన నీలం మాత్రలను విటమిన్లనుకుని మింగారు. పతకాలు వచ్చాయి. తర్వాత కాలేయ జబ్బులు, గుండె జబ్బులు, కాన్పు కష్టాలు వచ్చాయి. 2000లో బెర్లిన్ కోర్టు ఆ పథకాన్ని నడిపిన క్రీడాధికారికి, వైద్యుడికి శిక్ష వేసింది. 2002లో జర్మనీ చట్టం చేసి బాధితులకు పరిహారం ఇచ్చింది. పోయిన ఆరోగ్యం మాత్రం రాలేదు.

మన దేశం సంగతీ చూడండి. 2010 కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన మహిళా రిలే జట్టులో ముగ్గురు మరుసటి ఏడాదే స్టెరాయిడ్ పరీక్షలో దొరికిపోయారు. బలానికి వాడిన జిన్‌సెంగ్‌లో కలిసి వచ్చిందని వాళ్లు చెప్పుకున్నారు. డబ్బా మీద రాసింది నమ్మి మింగితే ఏం జరుగుతుందో పెద్ద క్రీడాకారులకే తెలియనప్పుడు, ఇంటర్ చదివే కుర్రాడికి ఏం తెలుస్తుంది? మన హైదరాబాద్‌లో ఆపరేషన్ వేళ పడిపోయిన బీపీని లేపడానికి వాడే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లను జిమ్ముల కుర్రాళ్లకు అమ్ముతుంటే అధికారులు ఒకటికి రెండుసార్లు పట్టుకున్నారు. అది స్టెరాయిడ్ కాదు, కాని వచ్చే దారి ఇదే. చట్టం లేక కాదు. అనబాలిక్ స్టెరాయిడ్లు షెడ్యూల్ హెచ్ మందులు, డాక్టరు చీటీ లేకుండా అమ్మడం నేరం. చట్టం దుకాణం దాకా వస్తుంది. జిమ్ములో చేతి నుంచి చేతికి మారేదాన్ని చూడాల్సింది మనమే.

మందు లేకుండా కండ రాదని పిల్లలు అంటే రెండు పేర్లు చెప్పండి. ఒకరు మన కోడి రామమూర్తి. రెండో వారు గామా పహిల్వాన్, 1928లో పాటియాలాలో జబిస్కోను నిమిషం లోపే పడగొట్టారు. ఇద్దరి కీర్తీ 1935కు ముందుదే. పాత తాలింఖానాల్లో ఉస్తాద్‌లు చెప్పింది దండీలు, బస్కీలు, పాలు, బాదం, నిద్ర. పదిహేనేళ్ల మగపిల్లవాడి ఒంట్లో టెస్టోస్టెరాన్ తనంతట తానే పెరుగుతుంటుంది. గుడ్లు, పప్పు, పల్లీలు, మాంసం, పాలు పెడితే చాలు. కావాల్సింది ఓపిక.

ఇంట్లో తల్లులు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. రెండు మూడు నెలల్లోనే ఒళ్లు విపరీతంగా పెరగడం, వీపు మీదా భుజాల మీదా మొటిమలు, ఛాతీ ఉబ్బడం, పట్టలేని కోపం, సంచిలో సిరంజీలు, లెక్క చెప్పని ఖర్చు. కనబడితే కొట్టొద్దు, పరువు పోయిందని దాచొద్దు. కొడితే ఇంకా చాటుకు పోతాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎలా మానాలో, ఆ తర్వాత మనసు కుంగకుండా ఏం చేయాలో డాక్టరు చూస్తారు.

ఇక దాతలకు నా విన్నపం. పరికరాలతో పాటు అయిదు షరతులు రాసివ్వండి. జిమ్ములో ఏ పొడీ, ఏ మాత్రా, ఏ ఇంజెక్షనూ అమ్మకూడదు. శిక్షకుడికి జీతం మనమే ఇవ్వాలి, డబ్బాలు అమ్మి కమీషన్ తీసుకునే అవసరం అతనికి ఉండకూడదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు తల్లి లేదా తండ్రి సంతకం తప్పనిసరి. ఆరు నెలలకోసారి మన వైద్య శిబిరంలో ప్రతి పిల్లవాడి ఎత్తు, బరువు, బీపీ చూసి రాయాలి. పేద పిల్లలకు రోజూ రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు ఇవ్వాలి.

డంబెల్ ఒకసారి కొంటే పదేళ్లు ఉంటుంది. శిక్షకుడి జీతానికి, గుడ్లకు, పాలకు నెలనెలా డబ్బు కావాలి. చందా పుస్తకంలో మొదటిదానికి పేర్లు త్వరగా నిండుతాయి. ఈసారి రెండోదాని కింద కూడా మీ పేర్లు రాయించమని కోరుతున్నాను. పరీక్షలు చేయడానికి ఆరు నెలలకోసారి నేను వస్తాను.