విశ్వాసానికి రుజువు కావాలా?



కమిటీ వారు నాకిచ్చిన అంశం: మతాన్ని నమ్మడానికి ఆధారం విశ్వాసమా, తర్కమా? ఆలిమ్‌లు కూర్చున్న సభలో ఈ అంశాన్ని లెక్కల మాస్టారికి ఎందుకిచ్చారని అడిగాను. "పిల్లలు ఈ ప్రశ్న మమ్మల్ని అడగడానికి జంకుతారు. మిమ్మల్నయితే అడుగుతారు" అన్నారు. ఆ మాట నిజమే. మసాయిల్ చెప్పే అర్హత నాకు లేదు. పిల్లలు ఏం అడుగుతున్నారో, మనం వాళ్లకు ఏం చెబుతున్నామో అంతవరకే మాట్లాడతాను.

ముందుగా మదీనాలో జరిగిన ఒక సంఘటన. దైవప్రవక్త ముహమ్మద్ (స) గారికి హజ్రత్ మారియా (రజి) ద్వారా కలిగిన కుమారుడు ఇబ్రాహీం. రెండేళ్లయినా నిండకుండానే ఆ పసివాడు కన్నుమూశాడు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. అది క్రీ.శ. 632 జనవరి 27 నాటి గ్రహణమని ఖగోళ లెక్కలు కట్టినవారు అంటారు. పట్టపగలు వెలుగు తగ్గిపోయేసరికి, ప్రవక్త కొడుకు మరణానికి సూర్యుడే శోకిస్తున్నాడని జనం అనుకున్నారు.

ఒక్కసారి ఆలోచించండి. ప్రవక్త (స) వారు ఆ మాటను నోటితో సమర్థించనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. తన ప్రవక్తృత్వానికి ఆకాశమే సాక్ష్యం చెప్పిందని జనం తరతరాలు చెప్పుకునేవారు. కానీ ఆయన ఊరుకోలేదు. గ్రహణ నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరో పుట్టినందుకో పోయినందుకో వాటికి గ్రహణం పట్టదని స్పష్టంగా చెప్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. కొడుకును పోగొట్టుకున్న రోజున, జనం తమంతట తామే తెచ్చి చేతిలో పెట్టిన రుజువును ఆయన వద్దన్నారు. అది నిజం కాదు గనుక వద్దన్నారు.

నేను పేపర్లు దిద్దేటప్పుడు చివరి జవాబు సరిగ్గా ఉన్నా, మధ్యలో లెక్క తప్పితే పూర్తి మార్కులు వేయను. పిల్లలకు ఈ విషయంలో నా మీద కోపం. "జవాబు కరెక్టే కదా సార్!" అంటారు. ఈ గ్రహణం సంగతి చెప్పిన రోజు మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత సుమారు నాలుగున్నర శతాబ్దాలకు ఇమాం గజాలీ (రహ్మ) ఈ గ్రహణం విషయాన్నే మళ్లీ ఎత్తుకున్నారు. 1058లో తూస్‌లో పుట్టి, 1091లో బాగ్దాద్ నిజామియా మదరసాలో ఆచార్య పదవి పొందిన పండితుడాయన. తత్వవేత్తల వాదాలను ఖండిస్తూ 1095లో రాసిన 'తహాఫుతుల్ ఫలాసిఫా' మొదట్లోనే ఒక హెచ్చరిక చేశారు. గ్రహణాలు ఎలా పడతాయో లెక్కగట్టి చెప్పేవారితో మతం పేరుతో గొడవకు దిగవద్దని. ఎందుకంటే ఆ లెక్క తెలిసినవాడికి, ఇది నీ మతానికి విరుద్ధమని చెబితే, అతడు లెక్కను శంకించడు, మతాన్నే శంకిస్తాడు. మతాన్ని తప్పుడు దారిలో కాపాడబోయేవాడి వల్ల జరిగే నష్టం, దాని మీద సరైన పద్ధతిలో దాడి చేసేవాడి వల్ల జరిగే నష్టం కంటే ఎక్కువని ఆయన అభిప్రాయం. తత్వవేత్తలను 20 అంశాల్లో తప్పుపట్టిన మనిషి రాసిన మాట ఇది.

ఇది పాత గ్రంథాలకే పరిమితమైన సంగతి కాదు. కొన్నేళ్ల కిందట నా దగ్గర చదివి ఇంజనీరింగులో చేరిన ఒక కుర్రాడు పండక్కి వచ్చి నన్ను కలిశాడు. మనిషి దిగాలుగా ఉన్నాడు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అజాన్ విన్నాడని, తిరిగొచ్చాక ఇస్లాం స్వీకరించాడని చిన్నప్పుడు ఇంట్లో ఎవరో చెప్పారట. మీలో చాలామంది వినే ఉంటారు. హాస్టల్లో ఏదో మాటల్లో అదే చెప్పాడు. పక్క మంచం కుర్రాడు ఫోన్‌లో వెతికి చూపించాడు. ఆ కథ నిజం కాదని ఆర్మ్‌స్ట్రాంగే ఖండించాడు. 1983లో అమెరికా విదేశాంగ శాఖ కూడా ఆయన తరఫున తమ రాయబార కార్యాలయాలకు ఆ సంగతి తెలియజేసింది. గదిలో అందరూ నవ్వారు. నవ్వు సంగతి అలా ఉంచండి. కుర్రాడు నాతో అన్న మాట వేరు: "సార్, ఇదే అబద్ధమైతే నేను విన్నవాటిలో ఇంకెన్ని ఇలాంటివో! నమాజులో నిలబడితే మనసు నిలవడం లేదు."

వాడి విశ్వాసాన్ని కదిపింది పక్క మంచం కుర్రాడు కాదు. ఎన్నో ఏళ్ల కిందట, ఎంతో ప్రేమతో, వాడి చేతిలో చెల్లని నాణెం పెట్టిన మన పెద్దలు. టమాటా కోస్తే అందులో అల్లాహ్ పేరు కనిపించిందని వాట్సాప్‌లో పంపేవాళ్లూ ఇదే పని చేస్తున్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. మదీనాలో గ్రహణం చూసిన వాళ్ల ఉద్దేశం కూడా మంచిదే కదా!

అయితే అసలైన తర్కంతో విశ్వాసాన్ని నిరూపించవచ్చా? ప్రయత్నాలు గట్టిగానే జరిగాయి. కలాం పండితుల వాదం చిన్నదే: మొదలైన ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది, ఈ లోకం మొదలైంది, కాబట్టి దీనికొక కారణం ఉంది. తొమ్మిదో తరగతిలో ఇది చెబితే వెంటనే ఒక చెయ్యి లేస్తుంది: "మరి అల్లాహ్‌కు కారణం ఎవరు సార్?" ఆ పిల్లను తౌబా చెప్పమని కూర్చోబెట్టనక్కర్లేదు. మొదటి వాక్యాన్ని మళ్లీ చదివిస్తే సరిపోతుంది. 'మొదలైన ప్రతిదానికీ' అని ఉంది గానీ 'ఉన్న ప్రతిదానికీ' అని లేదు. కష్టమైనది రెండో వాక్యం. లోకానికి మొదలున్నదా, అనాదిగా ఉన్నదా అన్న దగ్గర అల్లాహ్‌ను నమ్మే మహాపండితులే రెండుగా చీలారు. గజాలీ గారి ఖండనకు కుర్తుబా ఖాజీ, వైద్యుడు అయిన ఇబ్న్ రుష్ద్ (1126–1198) ఒక పెద్ద గ్రంథంతోనే బదులిచ్చారు. బుద్ధితో సృష్టిని పరిశీలించమని షరీఅతే ఆదేశిస్తోందని, ఒక సత్యం మరొక సత్యానికి ఎదురు తిరగదని ఆయన వాదం. నీళ్లు గొంతుకు అడ్డుపడి ఎవరో పోయారని దాహంతో ఉన్నవాడికి నీళ్లు మానిపిస్తామా అని అడిగారాయన. 1195లో ఆయన్ని ఊరు వెళ్లగొట్టారు, తత్వశాస్త్ర పుస్తకాలు తగలబెట్టించారు. చివరి రోజుల్లో మళ్లీ ఆదరించారనుకోండి.

సరే, ఆ వాదం పూర్తిగా నెగ్గిందనే అనుకుందాం. నెగ్గితే మనకు దొరికేది ఒక 'కారణం'. తెల్లవారుజామున లేచి ఎవరికి సజ్దా చేయాలో అది చెప్పదు. అల్లామా ఇఖ్బాల్ 1929 జనవరిలో మద్రాసులోను, మన హైదరాబాదులోను చేసిన ప్రసంగాల్లో ఈ పాత రుజువులను ఒక్కొక్కటీ తీసి వాటి లోపాలు చూపించారు. చూపించిన మనిషి నాస్తికుడు కాదు, ఇఖ్బాల్! ఈ సభలో మరో మాట కూడా చెప్పాలి. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. ఆ మద్రాసులో ఇలాంటి ప్రసంగాల పరంపరకు ఖర్చు భరించినది తోళ్ల వ్యాపారి సేఠ్ జమాల్ ముహమ్మద్. అప్పట్లో హైదరాబాదు చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు, ఖుర్ఆన్ ఆంగ్లానువాదకుడు మార్మడ్యూక్ పిక్తాల్ కూడా ఆ వేదిక మీద మాట్లాడారు. బడి కట్టించడమే కాదు, ఆలోచనకు చోటు కల్పించడం కూడా దానమేనని ఆ వ్యాపారికి తెలుసు.

తర్కం అంతదూరం రాలేకపోతే, ఇక కళ్లు మూసుకుని నమ్మడమే విశ్వాసమా? ఈ మాట మనలో కొందరు గర్వంగా అంటారు. నాకిది ఒప్పుకోబుద్ధి కాదు. అడగకుండా నమ్మడమే ఈమాన్ అయితే, మూర్ఛ వచ్చే పిల్లకు మాత్రలు మాన్పించి తావీజు అమ్మేవాడిని కూడా అడగకూడదు. హదీసు పండితులు అలా ఉన్నారా? ఈ మాట నీకెవరు చెప్పారు, ఆయనకెవరు చెప్పారు, ఆయన మాట నమ్మదగినవాడేనా అని ఒక్కొక్కరినీ విచారించి గానీ వాళ్లు హదీసును స్వీకరించలేదు. గజాలీ గారైతే ఇంకా ముందుకెళ్లారు. తన జీవితం గురించి రాసిన 'అల్ మున్‌ఖిజ్'లో ఒక ఉదాహరణ ఇచ్చారు. పది కంటే మూడు పెద్దదని ఎవడైనా వాదించి, రుజువుగా ఈ కర్రను పాముగా మారుస్తానని, కళ్లెదుటే మార్చి చూపించినా, పది పెద్దదన్న సంగతిలో తనకు అనుమానం రాదని, ఆ పని ఎలా చేశాడా అని ఆశ్చర్యం మాత్రమే కలుగుతుందని. లెక్కలు చెప్పేవాడిని కనుక ఈ ఉదాహరణంటే నాకు ప్రాణం. అదే పుస్తకంలో, తనకు ఇంద్రియాల మీద, ఆ తర్వాత బుద్ధి మీద కూడా నమ్మకం పోయి దాదాపు రెండు నెలలు విలవిల్లాడానని, వాదాల కూర్పుతో కాక అల్లాహ్ హృదయంలో వేసిన వెలుగుతో కోలుకున్నానని దాచకుండా రాశారు. అంతటి ఇమాముకే సందేహం వచ్చినప్పుడు, పదహారేళ్ల పిల్లవాడికి వస్తే ఇల్లంతా గగ్గోలెందుకు?

ఈ రెంటికీ మధ్య మూడో దారి ఉందా అని వెతికినప్పుడు నాకు కనిపించినది హజ్రత్ ఖదీజా (రజి). హిరా గుహలో తొలి వహీ దిగిన రోజున ప్రవక్త (స) వణుకుతూ ఇంటికి వచ్చారు. తనకేమవుతోందోనని భయపడ్డారు. అప్పటికి ఇంకా గ్రంథం లేదు, సమాజం లేదు, ఏ మహిమా లేదు. ఆమె ఏమన్నారు? మీరు బంధుత్వాలు నిలబెడతారు, బరువు మోయలేనివారి బరువు మోస్తారు, లేనివారికి సంపాదించి పెడతారు, అతిథిని ఆదరిస్తారు, అలాంటి మిమ్మల్ని అల్లాహ్ ఎన్నటికీ అవమానం పాలు చేయడు అన్న అర్థంలో ధైర్యం చెప్పారు. ఇది కళ్లు మూసుకున్న మాట కాదు. పదిహేనేళ్లు కాపురం చేసి, చూసి, తెలుసుకున్న సంగతుల నుంచి ఒక నిర్ణయానికి రావడం. అలాగని జ్యామితి సిద్ధాంతంలా కాదనడానికి వీల్లేని రుజువూ కాదు. అవే సంగతులు తెలిసిన ఖురైషీయులు కాదన్నారు కదా! ఒక మనిషిని నమ్మడానికి మనకు ఎలాంటి కారణాలు ఉంటాయో అలాంటి కారణాలు ఆమె చూపించారు. వ్యాపారంలో పెట్టుబడి పెట్టిన మీలో ప్రతి ఒక్కరికీ ఆ లెక్క తెలుసు. భాగస్వామి నిజాయితీని ఎవరూ కాగితం మీద నిరూపించలేరు. అలాగని ఏమీ చూడకుండా డబ్బు చేతిలో పెట్టరు.

నా మటుకు నాకు ఈమాన్ ఇలాంటిదే. తర్కం దాన్ని పుట్టించదు, కానీ దానిలో కల్తీ కలవకుండా చూస్తుంది. అందుకే పిల్లలకు అబద్ధపు రుజువులు ఇవ్వొద్దని అడుగుతున్నాను. ఒక్క ఖుర్ఆన్ వాక్యానికి పదిమంది 'శాస్త్రవేత్తల' సాక్ష్యం తగిలించి పంపేముందు, ఆ శాస్త్రవేత్త ఎవరో, ఆ మాట నిజంగా అన్నాడో లేదో చూడండి. ఇస్నాద్ అడగడం మనకు కొత్త కాదు.

మృతులను ఎలా లేపుతావో చూపించమని హజ్రత్ ఇబ్రాహీం (అలై) అల్లాహ్‌నే అడిగారు. నీకు నమ్మకం లేదా అని ప్రశ్న వచ్చింది. ఉంది గానీ మనసు కుదుటపడాలని అన్నారు. ఆయనకు చీవాట్లు పడలేదు, జవాబు దొరికింది. మన ఇళ్లలో అదే ప్రశ్నకు ఏం దొరుకుతుందో ముందు వరుసలోని పిల్లలను అడగండి.

మన సాయంత్రం ట్యూషన్ సెంటర్లో నిరుడు ఒక పెట్టె పెట్టాం. పేరు రాయకుండా ఎవరి ప్రశ్న వారు వేయవచ్చు. నెలకొకసారి ఆదివారం తెరిచి, ఒక మౌలానా సాహెబ్, నేను కలిసి చదువుతాం. "నా హిందూ స్నేహితురాలు చాలా మంచిది, ఆమె సంగతేమిటి?" అని ఒకటి వచ్చింది. "డైనోసార్ల గురించి ఎందుకు లేదు?" అని ఒకటి. "అమ్మ బతకాలని రోజూ దుఆ చేశాను, ఎందుకు వినలేదు?" అని ఒకటి. ఆ మూడోది చదివాక మౌలానా గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ప్రవక్త (స) వారికి తన కొడుకు ఇబ్రాహీం పోయినప్పుడు కళ్ల వెంట నీళ్లు కారిన సంగతి చెప్పారు, అంతే. ఆ పిల్ల ఎవరో మాకు తెలియదు. క్లాసు అయిపోయాక ఎవరూ లేచి వెళ్లలేదు.

ఈ ఏడాది బడ్జెట్‌లో ఫీజులకు, పుస్తకాలకు, కుట్టుమిషన్లకు కేటాయింపు ఉంది. దానికి తోడు ఒక బీరువా, అందులోకి తెలుగులో, ఉర్దూలో మంచి పుస్తకాలు కావాలి. విజ్ఞానశాస్త్ర పుస్తకాలు, ఖుర్ఆన్ అనువాదం, తఫ్సీరు ఒకే అరలో పెట్టాలని మౌలానా గారి కోరిక. పెట్టెను వచ్చే ఆదివారం అసర్ తర్వాత తెరుస్తాం. దాతల్లో ఎవరైనా వచ్చి వెనక బెంచీలో కూర్చోవచ్చు. జవాబు చెప్పాలని మాత్రం తొందరపడకండి.