ఆ గది తలుపు అవతల: నాట్యవిద్యాలయ ప్రవేశపరీక్షకు వెళ్లే మన పిల్లలతో కొన్ని మాటలు

(వార్షికోత్సవ సభలో యువజన విభాగం ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



నాట్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. మన నాట్యకళ ప్రాచీనతను కీర్తించే ప్రసంగాలు మీరు చాలా విన్నారు. ఈనాడు నేను అంతకంటె చిన్న విషయాన్ని, కాని మన ఇళ్లలో తలుపులు వేసుకుని మాట్లాడుకుంటున్న విషయాన్ని ఎత్తుకుంటాను. పదహారు, పదిహేడేళ్ల వయసులో నాట్యాన్నే జీవనవృత్తిగా స్వీకరించదలచి, పూర్తికాలపు నాట్యవిద్యాలయంలో చేరడానికి ఆడిషన్‌కు వెళ్లే పిల్లల విషయం అది. మీలో కొందరు వెళ్లివచ్చి ఉంటారు. కొందరు వచ్చే ఏడు వెళ్లాలని మనసులో అనుకుంటూ ఇంకా ఇంట్లో చెప్పి ఉండరు. మరికొందరు చెల్లెలికి తోడుగా వెళ్లి వసారాలో కుర్చీమీద కూర్చున్నవారు. ఈ మాటలు మీ అందరికోసం.

ఈ దేశంలో వృత్తినాట్యం చరిత్ర మరీ పాతది కాదు. డెన్మార్క్ నుండి వచ్చిన పౌల్ గ్నాట్ 1953లో న్యూజిలాండ్ బ్యాలే సంస్థను స్థాపించాడు. 1967లో వెల్లింగ్టన్ నగరంలో జాతీయ బ్యాలే విద్యాలయం వెలసింది. అదే నేటి న్యూజిలాండ్ స్కూల్ ఆఫ్ డ్యాన్స్. న్యూటౌన్‌లోని తే ఫాఎయా భవనంలో, తోయి ఫకారి అనే నటనావిద్యాలయంతో కలిసి ఒకే కప్పు కింద నడుస్తున్నది. అక్కడ శిక్షణ రెండు శాఖలుగా సాగుతుంది: ఒకటి క్లాసికల్ బ్యాలే, రెండవది కాంటెంపరరీ నాట్యం. కూచిపూడికి గాని భరతనాట్యానికి గాని ప్రత్యేక శాఖ లేదు. ఏటా చేర్చుకొనేది కొద్దిమందినే. కనుక మన పిల్ల ఆ తలుపు తట్టేటప్పుడు, పదేళ్లు నేర్చినదాన్ని గుమ్మం బయట విడిచిపోవాలా, వెంట తీసుకుపోవాలా అన్నది మొదటి చిక్కు.

ఆడిషన్ చూడనివారి కోసం దాని తీరు చెబుతాను. సాధారణంగా ఛాతీమీద ఒక అంకె వేసిన కాగితం గుచ్చుతారు. అక్కడ ఇంటిపేరు లేదు, గురువుగారి పేరు లేదు. గోడవెంట అమర్చిన కమ్మీ పట్టుకుని ఒక తరగతి, గది నడుమ మరొక తరగతి, చాలాచోట్ల సొంతంగా కూర్చుకున్న చిన్న సోలో, చివర ముఖాముఖి. బల్ల వెనుక కూర్చున్న పరీక్షకులు ఏదో రాసుకుంటూ ఉంటారు. చప్పట్లు ఉండవు. నవరాత్రులలో ఈ మండపంలో ఆడినప్పుడు మొదటి వరుసలో పిన్నిగారు, వెనుక వరుసలో ఫోనెత్తిన నాన్నగారు ఉంటారు. అక్కడ అటువంటి ముఖం ఒక్కటీ కనబడదు. అంతవరకు అందరికీ తెలిసిన పిల్ల ఆ పూట ఒక అంకెగా నిలబడుతుంది. తొలి దెబ్బ ఇదే. చాలామందికి కాళ్లు వణికేది ఇక్కడే.

రెండవ దెబ్బ శరీరానికి తగులుతుంది. మన నాట్యంలో అరమండిలో కూర్చుని పాదం నేలను కొడితే శబ్దం రావాలి. ఆ శబ్దమే తాళానికి సాక్ష్యం. బ్యాలేలో ఎంత ఎత్తుకు ఎగిరినా దిగేటప్పుడు చప్పుడు వినబడకూడదు. మన కంటిచూపు చేతివెంట నడుస్తుంది, ముఖం కథ చెబుతుంది. కాంటెంపరరీ తరగతిలో ముఖాన్ని ఊరక ఉంచమంటారు, కథను వెన్నెముకతో చెప్పమంటారు. మనం నేలకు మొక్కి దానిమీద నిలబడతాం. వారు నేలమీద పడుకుంటారు, దొర్లుతారు, తమ బరువును ఇంకొకరి భుజాన వేస్తారు. మనకు గురువుగారు సొల్లుకట్టు పలుకుతూ ఒక అడవును నెలల తరబడి సాధన చేయిస్తారు. అక్కడ ఎనిమిది అంకెలు లెక్కపెట్టి, ఒక కదలికల వరుసను ఒకటి రెండుసార్లు చూపి, వెంటనే చేయమంటారు. పదేళ్ల విద్య ఉన్నా మొదటి గంటలో చేతులు కట్టేసినట్లు ఉండడం ఇందువల్లనే. అది అసమర్థత కాదు. రెండు భాషల నడుమ నాలుక తడబడినట్లు రెండు నాట్యాల నడుమ ఒళ్లు తడబడుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన మీకు ఆ తడబాటు కొత్తది కాదు. అది ఎలా తీరుతుందో కూడా మీకు తెలుసు.

అలాగే మీ చేతిలో ఉన్న ధనాన్ని కూడా లెక్కించుకోండి. అయిదు, ఏడు అక్షరాల నడకలు మీకు ఊపిరితో సమానం. ఎనిమిది లెక్కకు అలవాటుపడిన తోటి పిల్లలు అక్కడ తడుముకుంటారు. బయటికి తిప్పిన మోకాళ్లతో నిలబడడం బ్యాలేకూ అవసరమే, అరమండికీ అవసరమే. తరంగంలో పళ్లెం అంచున నిలిచిన కూచిపూడి పాదానికి సమత్వం ఎవరూ నేర్పనక్కరలేదు. సోలో చేయమన్నప్పుడు అరువు తెచ్చుకున్న కదలికలను అరకొరగా చేయడం కంటె, మీ విద్యలోని ఒక భాగాన్ని పట్టుచీర, గజ్జెలు, వేషం లేకుండా, శరీరమే కనబడేలా కూర్చుకోవడం మేలు.

వేషం మాట వచ్చింది కనుక పెద్దలకొక మనవి. ఆడిషన్‌కు ఒంటిని అంటిపెట్టుకున్న దుస్తులు వేసుకోమంటారని కొన్ని ఇళ్లలో అభ్యంతరం. కాళిదాసు మాళవికాగ్నిమిత్రాన్ని ఒకసారి తలచుకోండి. గణదాసు, హరదత్తుడు అనే ఇద్దరు నాట్యాచార్యులు నేను గొప్పంటే నేను గొప్పని రాజు ఎదుటికి వస్తారు. శిష్యుల ప్రయోగం చూచి తేల్చవలసిన భారం పరివ్రాజిక కౌశికిమీద పడుతుంది. రాజుగారి అసలు ఉద్దేశం వేరే ఉందనుకోండి. అయినా న్యాయనిర్ణేతగా ఆమె పెట్టిన నియమం గమనించదగినది: సర్వాంగాల సౌష్ఠవం తెలియాలి కనుక పాత్రలు వేషభారం లేకుండా రావాలని ఆమె కోరుతుంది. ఆడిషన్ గది కోరేది కూడా అదే. జోడీగా చేసేటప్పుడు ఒకరినొకరు తాకవలసి వస్తుందన్న సంకోచం కూడా సహజమే. దాన్ని దాచిపెట్టి చివరి పూట బిగుసుకుపోవడం కంటె, ముందుగానే ఆ తరగతులకు వెళ్లి, ఉపాధ్యాయులతో, ఇంట్లోవారితో మాట్లాడుకుని తేల్చుకోవాలి.

నాట్యాన్ని పరీక్షించడం మనకు కొత్త కాదు. నాట్యశాస్త్రం ఇరవైయేడవ అధ్యాయంలో భరతముని ప్రయోగసిద్ధిని గురించి చెబుతూ, ప్రాశ్నికులు అనే పరీక్షకులు ఎవరై ఉండాలో లెక్కించాడు. అందులో నర్తకుడితో పాటు వ్యాకరణవేత్త, చిత్రకారుడు, సంగీతజ్ఞుడు, రాజు, చివరకు విలుకాడు కూడా ఉన్నాడు. నిలబడే తీరులోని సౌష్ఠవం విలుకాడికి తెలిసినంతగా మరొకరికి తెలియదు కదా! దీనిలోని అంతరార్థం ఒకటే. ఒక్క కన్ను నాట్యాన్నంతా చూడలేదు. ఒక్కొక్క పరీక్షకుడు తనకు తెలిసిన మేరకే చూస్తాడు.

నేను మీకు చెప్పదలచిన అసలు మాట ఇక్కడ ఉంది. ఆడిషన్ మీ నాట్యంమీద తీర్పు కాదు. ఫలానా విద్యాలయం, ఈ ఏడు, తన పద్ధతిలో, ఈ శరీరానికి ఈ వయసులో బోధించగలదా అన్న ప్రశ్నకు ఆ పూట దొరికిన జవాబు అది. వారు వెదికేది పూర్తయిన నర్తకిని కాదు, తాము నేర్పితే ఎదగగల విద్యార్థిని. అవును అన్నా కాదు అన్నా ఆ జవాబు ఆ ప్రశ్నకే పరిమితం. మీ దైవభక్తికి, మీ గురువుగారి పాండిత్యానికి, మీ తల్లిదండ్రుల త్యాగానికి దాన్ని వర్తింపజేయకండి.

తలుపులు ఎప్పుడూ ఒకే తీరున ఉండవన్నదానికి మన చరిత్రే సాక్ష్యం. కూచిపూడి భాగవతుల మేళాలలో ఒకప్పుడు స్త్రీలకు చోటు లేదు, సత్యభామ వేషమూ పురుషుడిదే. 1963లో వెంపటి చిన సత్యం గారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో ఆడపిల్లలను తీర్చిదిద్దారు. ఈనాడు మన తరగతుల్లో మగపిల్లవాడు కనబడితే వింతగా చూస్తున్నాం. బడిలో తోటివారి ఎగతాళికి జడిసి గజ్జెలు విప్పేసిన అబ్బాయిలకు ఒక మాట: మీరు విప్పినవి మీ ముత్తాతల గజ్జెలు.

క్రిస్మస్ సెలవుల్లో మీరు తినే పావ్లోవా ఎవరి పేరో ఎరుగుదురు కదా? ఆ అన్నా పావ్లోవా 1926లో ఈ దేశంలో నర్తించింది. తరువాత ఆస్ట్రేలియాకు పోతున్న ఓడలో రుక్మిణీదేవి అరండేల్‌తో ఆమెకు స్నేహం కుదిరింది. రుక్మిణీదేవి ఆ బృందంలోని క్లియో నోర్ది వద్ద బ్యాలే నేర్చుకోవడం మొదలుపెట్టింది. మీ దేశపు నాట్యాన్ని వెదుక్కోమని పావ్లోవా ఆమెకు హితవు చెప్పింది. ముప్పై ఏళ్ల దరిదాపుల్లో ఆమె భరతనాట్యం అభ్యసించి, 1936లో మద్రాసు అడయారులో కళాక్షేత్రానికి పునాది వేసింది. నాలుగేళ్ల డిప్లొమా చదువుకు అక్కడ ఇప్పటికీ విద్యార్థులు ప్రవేశం కోరి వస్తున్నారు. కళాక్షేత్రంలో నేర్చిన వివేక్ కిన్రా వెల్లింగ్టన్‌లో ముద్ర నాట్యబృందాన్ని నెలకొల్పాడు. బ్యాలే నుండి భరతనాట్యానికి, అడయారు నుండి వెల్లింగ్టన్‌కు దారి ఉన్నప్పుడు, మీరు ఏ చివర నుండి బయలుదేరితేనేమి?

లండన్‌లో బంగ్లాదేశ్ కుటుంబంలో పుట్టిన అక్రం ఖాన్ చిన్ననాటి నుండి ప్రతాప్ పవార్ వద్ద కథక్ నేర్చి, తరువాత కాంటెంపరరీ నాట్యంలో పట్టా పొందాడు. 2016లో ఇంగ్లిష్ నేషనల్ బ్యాలేకు జిసెల్ నాట్యాన్ని కొత్తగా కూర్చాడు. కథక్‌ను గుమ్మం బయట విడిచినవాడు ఆ పని చేయగలిగేవాడు కాదు. మన పొరుగునే చూడండి. పొరిరువాలో సమోవా కుటుంబంలో పెరిగిన నీల్ ఇయెరెమియా బ్యాంకు ఉద్యోగం విడిచి నాట్యం నేర్చి, 1995లో బ్లాక్ గ్రేస్ బృందాన్ని స్థాపించాడు. తన ద్వీపపు అడుగులనే అతడు ప్రపంచవేదికల మీదికి తీసుకుపోయాడు.

దీనికి శాస్త్రప్రమాణం కావాలంటే అదీ తెలుగునేలమీదే ఉంది. కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతి జాయప సేనాని పదమూడవ శతాబ్దిలో నృత్తరత్నావళి రచించాడు. ఎనిమిది అధ్యాయాలలో మొదటి నాలుగు మార్గానికి, తక్కిన నాలుగు దేశికి కేటాయించాడు. పూర్వులు చెప్పిన బాట ఒక సగం, కాళ్లకింది నేల ఆడే ఆట ఒక సగం. మీ కాళ్లకింది నేల ఆవోతియారోవా. రెండు సగాలూ మీవే.

ఇక ఆచరణ. వెళ్లదలచినవారు కనీసం రెండేళ్ల ముందు నుండి బ్యాలే, కాంటెంపరరీ తరగతులలో చేరండి. బడిలో డ్యాన్స్ ఒక పాఠ్యాంశంగా ఉంటే తీసుకోండి. చూచిన కదలికను వెంటనే పట్టుకునే అభ్యాసం వేరుగా చేయండి. నిద్ర, ఆహారం విషయంలో పంతాలు వద్దు. సన్నబడాలని అన్నం మానేసిన శరీరం మూడేళ్ల శిక్షణను మోయలేదు. నొప్పి ఉంటే దాచకండి. విశ్వవిద్యాలయ ప్రవేశానికి కావలసిన మార్కులు కూడా చేతిలో ఉంచుకోండి. అది పిరికితనం కాదు. కాదని జవాబు వస్తే, వీలైనచోట కారణం అడిగి తెలుసుకోండి. మరుసటి ఏడు మళ్లీ వెళ్లండి, లేదా వేరే దారి వెదకండి. ఏ దారిన పోయినా సాధన మాత్రం మానకండి.

తల్లిదండ్రులారా, ఫలితం వచ్చిన రాత్రి మీరు అనే మొదటి మాట ఆ బిడ్డకు జీవితాంతం గుర్తుంటుంది. "పోనీలే, ఇప్పుడైనా బుద్ధిగా చదువుకో" అన్న మాట ఓదార్పులా వినిపిస్తుంది గాని, పదేళ్ల సాధనను ఒక్క వాక్యంలో కొట్టివేస్తుంది. "అన్నం తిను, రేపు మాట్లాడుకుందాం" అనండి, చాలు. సీటు వస్తే మాత్రం భయపడకండి. రంగప్రవేశానికి హాలు మాట్లాడి, వందలమందికి భోజనాలు పెట్టిన చేతులు, అదే పిల్ల నాట్యమే నా వృత్తి అన్నప్పుడు వెనక్కు పోకూడదు.

కార్యవర్గానికి కూడా ఒక అభ్యర్థన ఉంది. గచ్చునేలమీద, దానిపై పరచిన తివాచీమీద ఏళ్ల తరబడి అడుగులు కొట్టడం లేత మోకాళ్లకు, పిక్కల ఎముకలకు మంచిది కాదు. మన మండపంలో ఒక మూలనైనా కింద కాస్త పట్టు ఇచ్చే చెక్కనేల వేయించండి. వారంలో రెండు సాయంత్రాలు సాధనకోసం తాళం చెవి పిల్లల చేతికి ఇవ్వండి. ఆడిషన్‌కు వెళ్లివచ్చిన పిల్ల నవరాత్రులకు వచ్చినప్పుడు, సీటు వచ్చిందా అని ఎవరూ అడగకుండా, ఈసారి ఏం ఆడుతున్నావమ్మా అని అడిగే ఆలయంగా ఇది ఉండాలి.

భామాకలాపంలో సత్యభామ పాత్రధారి తెరమీదుగా జడ వేసేవాడని, అది సభలోని విద్వాంసులకు విసిరిన సవాలని సంప్రదాయజ్ఞులు చెబుతారు. తనను పరీక్షించబోయే వారిని ముందుగా తానే పరీక్షకు పిలిచే ధైర్యం అది. ఆ ధైర్యంతోనే మీరు ఆ గదిలో అడుగుపెట్టండి. ఈ చోటు నాకు తగినదేనా అని మీరూ చూచుకోండి. నటరాజస్వామి మీ పాదాలకు బలాన్ని, మీ పెద్దల మనసులకు నెమ్మదిని ప్రసాదించుగాక.

స్వస్తి.