సత్రపు కంప్యూటరునకు మేలుకొలుపు

తిరుపతికి వచ్చిన యాత్రికుడు సత్రములో గది పుచ్చుకొనును. మూట విప్పును, చాప పరచుకొనును, బట్టలు దండెమున వేసికొనును. మరునాడు ఆయన వెడలిపోగానే గది ఊడ్చి కడుగుదురు. తరువాత వచ్చువారికి ఆయన జాడయే కనబడదు. లైవ్ లైనక్సు అను కంప్యూటరు వ్యవస్థ సరిగా ఇట్టిదే.

దీనిని యంత్రములో స్థాపింపనక్కరలేదు. పెన్‌డ్రైవు తగిలించి మీట నొక్కిన, అందుండియే కంప్యూటరు మేల్కొనును. జర్మనీ దేశీయుడు క్లాస్ నోపర్ 2000 సంవత్సరమున వెలువరించిన నోపిక్స్ ఈ పద్ధతికి లోకమున ప్రచారము తెచ్చినది. తెలుగునాట స్వేచ్ఛ సంస్థవారు 2005లో తెలుగు లైనక్సును ఇట్టి లైవ్ సీడీగానే అందించిరి.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో వెలసినది మొదలు తిరుపతి చదువుల ఊరుగా పెరిగినది. చిత్తూరు పల్లెలనుండి వచ్చి చదువుకొను పిల్లలందరికి సొంత యంత్రము లేదు. పదిమంది వాడు యంత్రముపై పని చేయువానికి, తన జాడ మిగులకుండుట గొప్ప మేలు. కాని వాడు సాయంకాలమంతయు కూర్చి వ్రాసిన వ్యాసమును గూడ ఆ చీపురే ఊడ్చివేయును గదా! వ్యవస్థ పెన్‌డ్రైవులో ముద్రవేసిన మూటవలె ఉండును. అందు వ్రాయుటకు వీలులేదు. మనము చేయు మార్పులన్నియు యంత్రపు తాత్కాలిక జ్ఞాపకమున నిలిచి, విద్యుత్తుతోడనే పోవును.

కావున ఏర్పాటు ఏదైనను మేల్కొను వేళనే చెప్పవలయును. డెబియన్ లైవ్‌ను మాదిరిగా గైకొందము. ఇతర లైనక్సులలో మాటలు కొంత మారును. మొదటి పట్టిక తెరపై కనబడగానే ఆంగ్లపు 'ఈ' అక్షరము నొక్కిన, ఆజ్ఞల వాక్యములు తెరచుకొనును. లైనక్స్ అను మాటతో మొదలగు పంక్తి చివర మన మాట చేర్చి, ఎఫ్ 10 నొక్కవలయును. లొకేల్స్ అని వ్రాసి, సమానపు గుర్తు పెట్టి, టీఈ, అండర్‌స్కోర్, ఐఎన్, చుక్క, యూటీఎఫ్, హైఫన్, 8 అని చేర్చిన, అనువాదమున్న మేరకు తెర తెలుగున పలుకును. టీఈ చిన్న అక్షరములు. ఐఎన్, యూటీఎఫ్ పెద్దవి. కుప్పమువంటి మూడు భాషల కూడలిలో తమిళము కావలసినవారు టీఈకి బదులు టీఏ అనిన చాలును. అయితే ఇట్లు చెప్పిన మాట ఆ ఒక్క పూటకే. ఫైళ్లను ఫ్యాట్ 32 భాగములోనికి నకలు చేసి తయారుచేసిన పెన్‌డ్రైవైనచో, గ్రబ్ పట్టికలోనే దానిని స్థిరముగా వ్రాసికొనవచ్చును.

ఇక వ్రాతలు నిలుపు ఉపాయము. పెన్‌డ్రైవులో మిగిలిన చోట ఇంకొక భాగము చేసి, దానికి పర్సిస్టెన్స్ అని పేరిడి, పర్సిస్టెన్స్ డాట్ కాన్ఫ్ అను చిన్న ఫైలు అందుంచవలయును. మేల్కొలుపు పంక్తిలోను అదే మాట చేర్చవలయును. ఆ ఫైలులో ఏటవాలు గీత ఒక్కటి వేసి యూనియన్ అని వ్రాసిన, వ్యవస్థలో చేసిన మార్పులన్నియు నిలుచును. చాలమంది ఇదే చేయుదురు. మాకిది నచ్చదు. నిన్నటి తప్పుడు ఏర్పాటు గూడ నేడు మేల్కొని, యంత్రమును మొరాయింపజేయును. ఏటవాలు గీత ప్రక్కన హోమ్ అని మాత్రము వ్రాసిన, వ్రాతలును, కీబోర్డు ఎన్నికయు, తనంత తాను తెరచుకొనవలసిన పనిముట్ల జాబితాయు నిలుచును. తక్కినది ఎప్పటికప్పుడు కడిగిన గదియే. ఎంత చెడినను భయము లేదు. పంక్తిలో ఆ పర్సిస్టెన్స్ మాట మానివేసి మేల్కొల్పిన, వ్యవస్థ మొదటి నాటివలె నిలుచును.

భయపడవలసినది వేరొకటి కలదు. చిత్తూరు బస్సులో జారిపోయిన పెన్‌డ్రైవు ఎవరికి దొరికిన వారికి పుస్తకమే. నిలుపు భాగమును లుక్స్ అను తాళముతో చేయించి, మేల్కొలుపు పంక్తిలో ఆ సంగతి తెలుపవలయును. అప్పుడు తెర రాకమునుపే రహస్యపదము అడుగును. దానిని మరచిన తెరచు దారి లేదు. కాబట్టి వ్యాసపు నకలొకటి ఇంటిలో ఉంచవలయును. యంత్రము పూర్తిగా ఆరిన పిదపనే పెన్‌డ్రైవు ఊడదీయవలయును.