పట్నం చూసి వచ్చినవాళ్ల మాటలు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు అప్పగించిన అంశం 'హైదరాబాదు నగరం - చూసినవారి అభిప్రాయాలు'. వినడానికి తేలిగ్గానే ఉంది. మన బాపట్లలో హైదరాబాదు చూడనివారెవరు? రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి అక్కడ ఉంటాం. చార్మినారు చూస్తాం. లాడ్ బజారులో గాజులు బేరమాడతాం. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంటకొట్టే బొమ్మ బయటికి వచ్చేదాకా మెడలు సాచి నిలబడతాం. మళ్లీ రాత్రి బండికి వచ్చేస్తాం. వచ్చాక అభిప్రాయాలు మొదలు. "అబ్బో, ఏం జనం! కాలు పెట్టడానికి చోటు లేదు" అంటారు మామూ. "అక్కడ మనిషిని మనిషి పట్టించుకోడు" అంటారు దాదీమా, తాను వెళ్లకపోయినా సరే. ఇంట్లో అందరూ వింటారు. రెండేళ్ల తరవాత ఇంటరు పాసయిన అమ్మాయి హైదరాబాదులో చదువుకుంటానంటే ఆ రెండు మాటలే గుమ్మానికి అడ్డం పడతాయి. అందువల్ల ఈ అంశం అంత తేలికైనది కాదని మా ఉద్దేశం.

జనం ఎక్కువన్నది అబద్ధం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేలమందికి పైగా ఉన్నారు. మనం అప్పట్లో ఉన్న గుంటూరు జిల్లాలో 429 మంది. అంటే ఇక్కడ ఒకరు మసలే చోట అక్కడ నలభైమందికి పైగా సర్దుకుంటున్నారన్నమాట. వెళ్లినవాడికి ఊపిరాడకపోవడంలో వింతేమీ లేదు. కాని ఆ జనాన్ని చూసినవాళ్లు ఏం రాశారో చూస్తే మాకు ఒక సంగతి తట్టింది. అది మీ ముందుంచుతాం.

మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో ఆ నగరానికి పునాది వేసిన తరవాత అరవై ఏళ్లు తిరక్కుండానే టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు అక్కడికి వచ్చాడు. ఒకసారి కాదు, అనేకసార్లు వచ్చాడు. మూసీ మీద రాతివంతెన చూసి పారిస్‌లోని పేరుపొందిన వంతెనకు ఇది పెద్దగా తీసిపోదని మెచ్చుకున్నాడు. కొత్తవాడు కోటగుమ్మం దగ్గరికి రాగానే ఉప్పు, పొగాకు ఏమైనా దాచి తెచ్చాడేమోనని సోదా చేసేవారట, రాజుగారికి వాటిమీద రాబడి ఎక్కువ కనుక. లోపలికి వెళ్లే అనుమతి కోసం ఒక్కోసారి ఒకటి రెండు రోజులు కాచుకోవలసి వచ్చేదట. ఇంకో ముచ్చట కూడా రాశాడు. గొప్పవాళ్లు ఊళ్లో ఉంటారు, వర్తకులూ దళారులూ పనివాళ్లూ బయట పేటలో ఉంటారు. పొద్దున పది పదకొండు గంటలకు ఊళ్లోకి వచ్చి పరదేశి వర్తకులతో బేరాలు చేసుకుని, సాయంత్రం నాలుగైదు గంటలకు ఇళ్లకు పోతారు. ఆఫీసు వేళలు ఇప్పటివే అనుకుంటాం మనం! వర్తకుడు కాబట్టి ఆయన కంటికి బేరాల వేళలు పడ్డాయి.

ఆయన తరవాత, 1660ల్లో, థెవెనో అని మరొక ఫ్రెంచివాడు వచ్చాడు. ఈయన లోకం చూడాలని బయలుదేరినవాడు. ఊరంతటిలో చార్మినారు పైరూపమంత అందమైనది లేదన్నాడు. అంతటితో ఆగలేదు. దాని చుట్టూ కర్రలతో కట్టి గడ్డి కప్పిన వికారమైన పళ్ల దుకాణాలున్నాయనీ, అవి చూపును పాడుచేస్తున్నాయనీ చిరాకుపడ్డాడు. మూడున్నర శతాబ్దాల కిందటి మాట ఇది. ఈనాటికీ చార్మినారు ముందు ఫొటో తీసుకునేవాళ్లు చెప్పే ఫిర్యాదు సరిగ్గా అదే, బళ్లు అడ్డమని. ఆ పళ్లమ్ముకునేవాడు పొద్దున్నే ఎంత దూరం నుంచి బుట్ట మోసుకొచ్చాడో, ఎండ కాస్తే ఆ గడ్డికప్పు వాడికి ఏమిటో థెవెనోగారు అడిగినట్టు లేదు. అడిగితే భాష కూడా రావాలిగా పాపం.

పరాయివాళ్ల సంగతి సరే, మన తెలుగువారు ఏనుగుల వీరాస్వామిగారి మాటేమిటి? మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఆయన. 1830 మే నెలలో కాశీకి బయలుదేరి దారిలో హైదరాబాదులో దిగారు. నగరంలో ఆయుధాలు పట్టుకుని తిరిగేవాళ్లను చూసి, ఇక్కడ అదుపూ ఆజ్ఞా సరిగా లేవని బెదిరారు. కోర్టు మనిషికి కనపడేది అదే మరి.

జనం ఊరికే పోగవరని చెప్పడానికి మన వైపు సంగతే ఒకటి ఉంది. టావెర్నియర్ హైదరాబాదుతోపాటు కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గనికి కూడా వచ్చాడు. వేమూరు పక్కనున్న మన కొల్లూరు కాదు, బెల్లంకొండ వైపుది. అక్కడ ఆడ, మగ, పిల్లలు కలిసి దగ్గర దగ్గర అరవై వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. 2011 లెక్కల్లో మన బాపట్ల పట్టణం మొత్తం డెబ్బై వేలు. అరవై వేలమంది ఒక్క గనిలో మట్టి మోశారంటే ఊహించుకోండి! పని ఉన్నన్నాళ్లు జనం ఉన్నారు, పని అయిపోయాక పోయారు. ఆ చోటు పులిచింతల నీళ్లలో మునిగింది. హైదరాబాదులో పని ఇంకా అయిపోలేదు. 2014లో రాష్ట్రం విడిపోయింది, 2024 జూన్‌తో ఉమ్మడి రాజధాని గడువూ తీరింది, అయినా మన పిల్లలు ఆ బండి ఎక్కడం మానలేదు.

కిందటేడు చదువుల గురించి కనుక్కుందామని మేము నలుగురం వెళ్లి, పాతబస్తీలో రేపల్లె నుంచి వెళ్లి స్థిరపడిన ఒక కుటుంబం దగ్గర మూడు రోజులున్నాం. మొదటిరోజు మాకూ తలనొప్పే. పత్తర్‌గట్టిలో ఒక దుకాణదారుతో మేము ఎంతో మర్యాదగా ఉర్దూలో మాట్లాడబోతే, ఆయన ఒక్క వాక్యం విని, "చెప్పండి సార్, ఏం కావాలి" అని తెలుగులోకి దిగాడు. మన ఉర్దూ అలాంటిది! రెండోరోజు గల్లీలో అరుగుమీద కూర్చున్నాం. ఎదురింట్లో గాజులపని. లక్క వేడిమీద కరిగించి, చల్లారకముందే గాజుకు పట్టించి, రాళ్లు ఒక్కొక్కటే అంటిస్తున్నారు. మనం డజను ఇంతకిస్తావా అని గద్దించి అడిగే గాజులు అవే. సాయంత్రం ఏడున్నరయింది. కాలేజీ నుంచి ఒకమ్మాయి రావలసిన వేళకు రాలేదు. ఆ గల్లీలో ముగ్గురు, కిరాణా భాయ్, కుట్టుమిషను ఆపా, అరుగుమీది నానీ, ఎవరికి వారే "మున్నీ ఇంకా రాలేదేం" అని వాళ్లమ్మను కేకేశారు. బస్సు ఆలస్యమైందట, వచ్చేసింది. మనిషిని మనిషి పట్టించుకోడన్న మాట మాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన రేపల్లె, దివిసీమ వాళ్లకు చెట్టు విలువ మేము చెప్పనక్కరలేదు. నగరం చూడబోయిన మనవాళ్లలో ఎందరు ఆ చెట్టు చూశారు? ఆస్పత్రికి రోగంతోనే పోతాం, చెట్టు చూసే తీరిక ఎక్కడ!

అయితే గల్లీ అంతా బంగారమని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టం. 2015 జనవరిలో అదే పాతబస్తీలో గాజుల పనిలో మగ్గుతున్న 200 మందికి పైగా పిల్లలను పోలీసులు బయటికి తెచ్చారు. ఎక్కువమంది బీహారు పిల్లలు. ఇరుకు గదులు, పొద్దస్తమానం పని. వాళ్ల తల్లిదండ్రులు కూడా ఎవరో చెప్పిన మాట నమ్మారు, పెద్ద పట్నం, పిల్లాడు బాగుపడతాడని. ఆ గది చూసి పంపినవాళ్లు ఎవరూ ఉండరు. చూడకుండా భయపడి ఆపేసే మనకూ, చూడకుండా ఆశపడి పంపే వాళ్లకూ మధ్య నలిగేది పిల్లలే కదా.

కాబట్టి మా మనవి ఇది. హైదరాబాదు మంచిదా చెడ్డదా అని ఇంట్లో వాదించుకోకండి. అంత పెద్ద ఊరిలో మీ పిల్ల ఉండదు. ఒక గల్లీలో, ఒక హాస్టలు గదిలో, ఒక బస్సు దారిలో ఉంటుంది. వాటిని చూడండి. పగలు ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి. నీళ్లు ఏ వేళకొస్తాయి, మెట్లమీద దీపం ఉందా, జ్వరమొస్తే ఎవరు తీసుకెళతారు, తలుపు గడియ లోపలినుంచి పడుతుందా, వార్డెను ఊళ్లో ఉంటుందా, ఆదివారాలు మాయమవుతుందా. ఇవి మగవాళ్లం మేము అడగడం మరిచిపోయే ప్రశ్నలు. కిందటేడు ఆ ఇంటి నానీయే మాకు నేర్పారు. మగవాళ్లం ఫీజు అడిగి, రసీదు తీసుకుని, టీ తాగి వచ్చేస్తాం.

అందుకని ఈసారి కాలేజీలు తెరిచే ముందు సంఘం తరఫున మళ్లీ వెళదామనుకుంటున్నాం. ఈసారి కనీసం ముగ్గురు తల్లులు మాతో రావాలి. చదవబోయే పిల్లలూ రావాలి, గది వాళ్లది కనుక. తల్లుల రైలు చార్జీ సంఘం భరించేటట్టు కార్యవర్గం ఒప్పుకుంది. భోజనం ఆ రేపల్లెవారింట్లోనే, వాళ్లే పట్టుబట్టారు. రాదలచినవారు పేర్లు కార్యదర్శిగారికి ఇవాళ భోజనాలకు ముందే ఇవ్వండి. తరవాత ఇస్తే బెర్తులు దొరకవు.