ఒకే మందుకు రెండు పేర్లు
(ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము ముప్పయ్యేళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవారం. వైద్యులం కాము, ఔషధశాస్త్రం చదివినవారమూ కాము. పదవీ విరమణ అనంతరం కొందరు మిత్రులతో కలిసి, అసర్ నమాజు తరువాత మస్జిదు వరండాలో కూర్చుని, పిల్లల స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపిపెడుతున్నాము. ఏటా ఫలితాలు వెలువడగానే తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే: "సాబ్, నీట్‌లో ర్యాంకు రాలేదు. ఇప్పుడేం చదివించాలి?" ఈ ప్రశ్నకు ఒక సమాధానం మాకు ఆసుపత్రి మంచం పక్కన దొరికింది. నేడు దానిని మీతో పంచుకోదలిచాము.

మా అన్నగారికి చక్కెర వ్యాధి. కొన్నేళ్ళ క్రితం జ్వరంతో ఒక ఆసుపత్రిలో చేరి, నాలుగు రోజులకు ఇంటికి వచ్చారు. వస్తూ కొత్త మందుల చీటీ తెచ్చుకున్నారు. ఇంట్లో పాత మందులూ ఉన్నాయి. రెండూ వాడాలి కాబోలు అనుకున్నారు. రమజాన్ మొదలైంది. సహరీ వేళ పాత మాత్రా, కొత్త మాత్రా వేసుకుని రోజా పాటించారు. మూడో రోజు జుహర్ నమాజుకు లేచినవారు వజూ దగ్గరే కూలిపోయారు. వేరొక ఆసుపత్రికి తీసుకువెళితే, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయిందని చెప్పి గ్లూకోజు ఎక్కించారు. అల్లాహ్ దయవల్ల ప్రాణం దక్కింది.

మరునాడు ఉదయం తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి వార్డులోకి వచ్చింది. "ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచీలో వేసి తెండి, ఒక్కటీ వదలొద్దు" అన్నది. తెచ్చాము. ఆమె ఆ పట్టీలన్నిటినీ మంచం మీద వరుసగా పరచి, ఒక్కొక్కటి తిప్పి, వెనుకనున్న చిన్న అక్షరాలు చదివింది. రెండింటిని వేరుచేసి అన్నగారికి చూపింది.

"పెద్దయ్యా, ఈ రెండూ ఒక్కటే మందు. కంపెనీలు వేరు, పేర్లు వేరు. లోపలున్నది రెండింటిలోనూ గ్లిమెపిరైడే. మీరు రోజూ రెట్టింపు వేసుకున్నారు."

"రంగు వేరుగా ఉంటే మందు వేరు కాదామ్మా?" అని అన్నగారు అమాయకంగా అడిగారు. మేము పట్టభద్రులం, జీవితమంతా కాగితాలు చదివినవారం. మాకూ అది తెలియలేదు.

ఆమె వైద్యురాలు కాదు, నర్సూ కాదు. క్లినికల్ ఫార్మసిస్టు. తాను కనుగొన్న సంగతిని ఆమె కేసు షీటులో రాసి, వైద్యునితో చర్చించింది. వైద్యుడు మందులు మార్చి రాశాడు. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో ఆమె అన్నగారికి వివరించి, తిరిగి ఆయన నోటనే చెప్పించుకుంది.

మేము గుమాస్తాలం గనుక మాకు వెంటనే ఒక పోలిక స్ఫురించింది. మన పిల్లవాడి పేరు బడి రికార్డులో "మొహమ్మద్", ఆధార్‌లో "ఎం.డి.", ఆదాయ ధ్రువపత్రంలో "మహమ్మద్" అని ఉంటుంది. మనిషి ఒక్కడే, కాగితాల్లో ముగ్గురు. దానివల్ల స్కాలర్‌షిప్పు పోతుంది. మందుల పేర్లలో అదే తికమక జరిగితే ప్రాణమే పోవచ్చు.

ఈ సమస్య కొత్తది కాదు. పదకొండవ శతాబ్దంలో అల్ బిరూనీ తన జీవిత చరమదశలో ఔషధాలపై "కితాబ్ అస్ సైదనా" అనే గ్రంథం రచించాడు. ఒక్కొక్క ఔషధాన్ని అరబ్బీ, గ్రీకు, సిరియక్, పర్షియన్, భారతీయ భాషల్లో ఏమంటారో అందులో నమోదు చేశాడు. మందు పేరు సరిగా తెలియకపోతే చికిత్సే అపాయమవుతుందని మన పూర్వ విద్వాంసులు ఏనాడో గుర్తించారు.

ఇక ఈ ఉద్యోగంలో చేసే పని ఏమిటి? ఫార్మసీ అనగానే మనకు మందుల దుకాణమే గుర్తుకు వస్తుంది. క్లినికల్ ఫార్మసిస్టు పని చేసే చోటు రోగి మంచం పక్కన. వైద్యులతో పాటు వార్డులు తిరగడం, రోగి ఇదివరకు వాడుతున్న మందులను కొత్తగా రాసిన వాటితో సరిపోల్చడం, ఒక మందు మరొక దానికి అడ్డుపడుతున్నదా అని చూడడం ఆ పనిలో భాగాలు. రక్తం పలుచబడడానికి వార్ఫరిన్ వాడుతున్నవారు ఒళ్ళు నొప్పులకని డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకుంటే రక్తస్రావం కావచ్చు. థైరాయిడ్ మాత్రను, కాల్షియం మాత్రను కలిపి మింగితే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి జెంటామైసిన్ వంటి ఇంజెక్షన్ల మోతాదును లెక్కగట్టి తగ్గించాలి. ఇట్టివన్నీ గమనించి వైద్యునికి సూచించడమే వారి బాధ్యత. మందు వల్ల చెడు ఫలితం కలిగితే దానిని జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి నివేదించడమూ వారి పనే. ఆ కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత ఫోను నంబరు ఉన్నది. సామాన్యులు సైతం దానికి ఫోను చేయవచ్చు.

మన సమాజానికి ఈ పని మరింత దగ్గరిది. రమజాన్‌లో చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవారు మందుల వేళలను తమంతట తామే మార్చుకుంటున్నారు. ఇది ఎంతమాత్రం తగదు. నెలా రెండు నెలల ముందే వైద్యుని కలిసి ఇఫ్తార్, సహరీ వేళలకు తగినట్లు మోతాదు రాయించుకోవాలి. రోజాలో ఉండగా చక్కెర 70 కన్న తగ్గితే వెంటనే రోజా విరమించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ సంగతులను మన ఇంటి భాషలో, మన అమ్మలకు, నానమ్మలకు అర్థమయ్యేలా చెప్పగల ఫార్మసిస్టులు వార్డుల్లో ఎందరున్నారు? ఆ స్థానాల్లోకి మన బిడ్డలు రావాలన్నదే మా ఆకాంక్ష.

ఇప్పుడు చదువు సంగతి. ఫార్మసీలో ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. డి.ఫార్మసీ రెండేళ్ళు, ఆపైన 500 గంటల ప్రయోగాత్మక శిక్షణ. బి.ఫార్మసీ నాలుగేళ్ళు. మూడవది ఫార్మ్.డి. దీనిని ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో ప్రవేశపెట్టింది. ఇంటర్ తరువాత ఆరేళ్ళ చదువు. అయిదేళ్ళు పాఠాలు, ఆరవ ఏడాది పూర్తిగా ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. అందులో ఆరు నెలలు జనరల్ మెడిసిన్, మిగిలిన ఆరు నెలలు మూడు ఇతర విభాగాల్లో రెండేసి నెలల చొప్పున. బి.ఫార్మసీ చదివినవారు మూడేళ్ళలో ఫార్మ్.డి. పూర్తిచేసే మార్గమూ ఉన్నది.

ప్రవేశానికి నీట్ అవసరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఈఏపీసెట్ ద్వారా సీట్లు ఇస్తారు. బైపీసీ వారేగాక ఎంపీసీ వారూ అర్హులే. బీసీ-ఇ కిందికి వచ్చే ముస్లిం తరగతులకు 2007 చట్టం ప్రకారం 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. అన్ని ముస్లిం కుటుంబాలూ దాని కిందికి రావు. కావున మీ తరగతి ఆ జాబితాలో ఉన్నదో లేదో ముందుగా చూసుకోండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలను కౌన్సెలింగ్ ప్రకటన వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే సిద్ధం చేసుకోండి. పదో తరగతి మెమోలో పేరు ఎలా ఉన్నదో అన్ని కాగితాల్లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. కన్వీనరు కోటాలో సీటు వచ్చినా, ఫీజు రీయింబర్స్‌మెంటు ఎంతవరకు వర్తిస్తుందో ఆ ఏటి ఉత్తర్వులు చూసిన తరువాతే లెక్క వేసుకోండి.

కళాశాలను ఎంచుకునేటప్పుడు భవనం చూసి మోసపోకండి. మూడు ప్రశ్నలు అడగండి. మొదటిది: ఈ ఏడాది ఫార్మ్.డి.కి ఫార్మసీ కౌన్సిల్ అనుమతి ఉన్నదా? రెండవది: ఏ ఆసుపత్రితో అనుబంధం? నిబంధనల ప్రకారం కనీసం 300 పడకల ఆసుపత్రి ఉండాలి. మూడవది: విద్యార్థులు నిజంగా రోజూ వార్డులకు వెళుతున్నారా, లేక హాజరుపట్టీలోనే వెళుతున్నారా? ఈ మూడవ దానికి సమాధానం ప్రిన్సిపాలు గదిలో దొరకదు. కళాశాల గేటు బయట అయిదో ఏడాది విద్యార్థులను అడగండి.

ఇక చేదు నిజాలు కూడా చెప్పకపోతే మేము మీకు ద్రోహం చేసినవారమవుతాము. "డాక్టర్ ఆఫ్ ఫార్మసీ" అన్న పట్టా పేరు చూసి, మా అమ్మాయి డాక్టరైందని కొందరు భ్రమపడుతున్నారు. ఈ పట్టాతో రోగిని పరీక్షించి సొంతంగా మందులు రాసే అధికారం రాదు. ఆరేళ్ళు చదివినా తొలి జీతం చాలామందికి నిరాశ కలిగిస్తుంది. కొన్ని ఆసుపత్రులు వీరిని తీసుకుని, వార్డులకు పంపకుండా బిల్లుల కిటికీ దగ్గర కూర్చోబెడుతున్నాయి. అయినా దారులు మూసుకుపోలేదు. పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు, క్లినికల్ పరిశోధన, మందుల భద్రతను పరిశీలించే సంస్థలు, అధ్యాపక వృత్తి ఉన్నాయి. గల్ఫ్ దేశాలకు వెళ్ళదలిచినవారు అక్కడి లైసెన్సు పరీక్ష రాయాలి, సర్టిఫికెట్ల తనిఖీ పూర్తిచేయాలి. ఏజెంటు చేతిలో డబ్బు పోసే ముందు ఆ దేశపు ఆరోగ్యశాఖ నిబంధనలను స్వయంగా చదవండి.

అన్నిటికంటె పెద్ద లోటు ప్రభుత్వ ఆసుపత్రులలోనే ఉన్నది. అక్కడ ఫార్మసిస్టు ఉద్యోగాలు ఉన్నా, వారి పని ప్రధానంగా మందుల నిల్వ, పంపిణీతోనే సరిపోతున్నది. పొడుగాటి వరుసలో నిలబడ్డ రోగికి ఒక్కొక్క మందు గురించి వివరించే తీరిక వారికి ఎక్కడిది? ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు 2015లో వచ్చాయి. 2021 సవరణలో క్లినికల్ ఫార్మసిస్టు హోదాను వాటిలో చేర్చారు. నిబంధనలో పేరు చేరినంత మాత్రాన వార్డులో మనిషి చేరడు. పోస్టు మంజూరు కావాలి, బడ్జెట్టులో జీతం పద్దు ఉండాలి. ఫైళ్ళ మధ్య బతికిన మాకు ఈ సంగతి బాగా తెలుసు.

కనుక దీనిని ఉపాధి సమస్యగా మాత్రమే చూడకూడదు. తాను మింగే మందు ఏమిటో, ఎందుకో, ఎలా వేసుకోవాలో తెలుసుకోవడం రోగి హక్కు. పేదవాడికి ఆ హక్కు మరింత అవసరం. ఉర్దూ తెలంగాణలో 2017 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి రెండవ అధికార భాష. తెలుగుతో పాటు ఉర్దూలోనూ మందుల వివరాలు చెప్పే ఏర్పాటు ఆసుపత్రులలో ఉండాలని కోరడం న్యాయమైన కోరిక. జిల్లా ఆసుపత్రులలో, బోధనాసుపత్రులలో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులు మంజూరు చేయాలని మన సంఘాలు వినతిపత్రాలు సమర్పించాలి. ఇది ముస్లింలకు మాత్రమే కలిగే మేలు కాదు. ఆ వార్డులో పక్క మంచం మీదున్న ప్రతి పేదవాడికీ కలిగే మేలు.

విద్యార్థులారా! తెల్లకోటు మోజుతో ఈ చదువులోకి రాకండి. రోగితో ఓపికగా మాట్లాడగలిగితే, చిన్న అక్షరాలను శ్రద్ధగా చదవగలిగితే, వైద్యుని ముందు వినయంగానే అయినా నిజం చెప్పగలిగితే రండి.

తల్లిదండ్రులారా! మీరు నేడు ఇంటికి వెళ్ళగానే ఒక్క పని చేయండి. ఇంట్లోని మందులన్నీ ఒక సంచీలో వేయండి. పట్టీల వెనుక చిన్న అక్షరాలను మీ బిడ్డచేత చదివించండి. ఒకే మందు రెండు పేర్లతో కనిపిస్తే ఏదీ మీ అంతట మీరే మానేయకుండా, ఆ సంచీని వైద్యునికి చూపించండి. మా అన్నగారి ఇంట్లో ఆ పని ముందే జరిగి ఉంటే, ఆ రోజు ఆయన వజూ దగ్గర కూలిపోయేవారు కాదు.

అల్లాహ్ మన బిడ్డలకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక! ఆమీన్. వస్సలాం.