ఒంట ఉప్పు నిలువని బిడ్డలు
(నిజాంపట్నమున పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



రేవును గూర్చి, త్రాగునీటిని గూర్చి, రోడ్లను గూర్చి మీతో మాటలాడువారు అనేకులు కలరు. నేను ఈ దినమున మాటలాడబోవునది అరుదైన ఒక జబ్బును గూర్చి. అరుదైన దానితో పంచాయతీకేమి పని యని మీకు తోచవచ్చును. ఈ జబ్బుతో పుట్టిన బిడ్డ బ్రతుకుట చాలవరకు ఇరుగుపొరుగు వారి తెలివిడిపై ఆధారపడియుండును గనుక, పనియున్నదని నా అభిప్రాయము.

మన మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. వానిని అడ్రినల్ గ్రంథులందురు. జ్వరమును, దెబ్బను శరీరము తట్టుకొనుటకు వలసిన కార్టిసాల్ అను హార్మోనును, ఒంటిలోని ఉప్పు మూత్రములో కొట్టుకొనిపోకుండ ఆపు ఆల్డోస్టిరోన్ అను హార్మోనును ఇవియే తయారుచేయును. కొందరు శిశువులలో ఇందుకు వలసిన ఒక ఎంజైము పుట్టుకతోనే లోపించును. అప్పుడు గ్రంథి ఉబ్బి, కావలసిన హార్మోనులకు మారుగా పురుష హార్మోనులను అధికముగా విడుదల చేయును. దీనినే వైద్యులు కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లాసియా యందురు.

హైదరాబాదులో 18,300 మంది నవజాత శిశువుల రక్తమును పరీక్షించి 2004లో ప్రకటించిన లెక్కలో సుమారు 2,575 మందికి ఒకరి చొప్పున ఈ జబ్బు కనబడినది. తరువాత భారత వైద్య పరిశోధన మండలి ఐదు నగరములలో లక్షకు పైగా శిశువులను పరీక్షింపగా 5,762 మందికి ఒకరని తేలినది. పాశ్చాత్య దేశములలో సాధారణముగా కనబడు లెక్కకంటె ఇది హెచ్చు.

ఇది తల్లివలన గాని, తండ్రివలన గాని విడిగా వచ్చునది కాదు. ఆరోగ్యముగానే ఉండు దంపతులిద్దరిలోను లోపమున్న జన్యువు ఒక్కొక్కటి దాగియుండి, ఆ రెండును బిడ్డకు చేరినప్పుడే జబ్బు కలుగును. అట్టి దంపతులకు ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు ప్రమాదము కలదు. మేనమామనో, మేనబావనో పెండ్లాడినచోట ఒకే జన్యువు ఇరువైపులను ఉండు అవకాశము హెచ్చు. బిడ్డ జబ్బును సాకుగా చూపి కోడలిని పుట్టింటికి పంపివేసిన తగవు మీ యెదుటికి వచ్చినచో, ఇందు ఇద్దరి పాలు సమానమని చెప్పవలసినవారు మీరే.

ఇక అపాయకరమైన కాలము పుట్టిన మొదటి మూడు వారములు. ఆడపిల్ల అయినచో బయటి అవయవములు మగపిల్లవానివలె అగపడవచ్చును. లోపల గర్భసంచి, అండాశయములు సక్రమముగానే యుండును. తల్లిదండ్రులు సిగ్గుపడి దాచుదురు. దాచరాదు, ఇతరులు చాటరాదు. జనన నమోదుకు చట్టము 21 దినముల గడువు నిచ్చినది గనుక, వైద్యుడు పరీక్షలు చేయించి చెప్పునంతవరకు ఆడ, మగ అని తొందరపడి వ్రాయింపనక్కరలేదు. పొరపాటున వ్రాసినచో 1969 నాటి చట్టము 15వ సెక్షను క్రింద సవరణకు వీలున్నది.

మగబిడ్డ సంగతి ఇంకను కష్టము. అతనిలో పైకి ఏ లోపమును కనబడదు. రెండవ వారములోనో, మూడవ వారములోనో పాలు మానును, వాంతులగును, బరువు తగ్గును, కన్నులు లోతునకు పోవును. ఇంటివారు విరేచనముల జబ్బనుకొందురు, లేదా దిష్టి తీయుదురు. ఒంటిలోని ఉప్పు తరిగి, పొటాషియము పెరిగి, గుండె ఆగును. ఒకే ఇంట పసిబిడ్డలు వరుసగా ఇట్లు పోయినారని విన్నప్పుడు ఆశా కార్యకర్త ఆ ఇంటి తదుపరి కాన్పును ముందుగానే పెద్ద ఆసుపత్రికి తెలుపవలెను. పుట్టిన రెండు మూడు దినములకు మడమనుండి తీసిన నాలుగు రక్తపు చుక్కలతో జబ్బు బయటపడగలదు.

జబ్బు తేలిన పిమ్మట వైద్యము కలదు. హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలు ప్రతిదినము, జీవితాంతము వాడవలెను. పసితనమున కొంత ఉప్పు కూడ ఇత్తురు. 1950 ప్రాంతమున కార్టిసోన్ వాడుకలోనికి రాకముందు ఈ బిడ్డలలో అనేకులు బ్రతుకలేదు. నేడు వారు చదువుకొని, ఉద్యోగములు చేసి, బిడ్డలను కనుచున్నారు. అయితే ఈ మందు స్టెరాయిడు అని ఎవరో చెప్పగా విని భయపడి మానిపించువారున్నారు. వీరికది పైనుండి వచ్చిన విషము కాదు, శరీరము తయారుచేయలేని దానిని నోటి ద్వారా ఇచ్చుటయే. హఠాత్తుగా ఆపినచో ప్రాణాపాయము.

మోతాదు చాలనిచో బాలుడు ఐదేండ్లకే ఎనిమిదేండ్లవానివలె ఎదుగును. ఇంటివారు మురిసిపోదురు. కాని ఎముకలు ముందే ముదిరి, పెద్దవాడైన పిదప పొట్టిగా మిగులును. ఆడపిల్లకు నెలసరి తప్పుట, ముఖమున వెండ్రుకలు, సంతానమునకు చిక్కు కలుగవచ్చును. మోతాదు మించినచో ఒళ్లు, రక్తపోటు పెరుగును, ఎముకలు పలుచబడును, ఎదుగుదల మందగించును. అందుచేత కొలతలు, రక్తపరీక్షలు నియమముగా జరుగవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది జ్వరము. ఆరోగ్యవంతునికి జ్వరము వచ్చినపుడు అడ్రినల్ గ్రంథి కార్టిసాలును హెచ్చించును. ఈ బిడ్డకది సాధ్యము కాదు గనుక వైద్యుడు వ్రాసియిచ్చిన ప్రకారము హైడ్రోకార్టిసోన్ మాత్రను రెండు మూడు రెట్లు ఇయ్యవలెను. వాంతి వలన మాత్ర నిలువనిచో హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షను ఇచ్చి, 108 బండిలో ఆసుపత్రికి పంపవలెను. తెల్లవారనిండని కూర్చుండరాదు. తండ్రి వేటకు పోయియున్నచో బిడ్డను తీసికొనిపోవువారెవరో ముందే అనుకొనియుండవలెను. బడి ఉపాధ్యాయునికి కూడ ఈ సంగతి తెలిసియుండుట మేలు.

తుపాను సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరనే తీరము దాటినది. అట్టి దినమున రోడ్లు మునుగును, మందుల షాపులు మూయబడును. ఈ మాత్రలు మామూలు దినములలోనే ప్రతి షాపునను దొరకవు. గ్రామమున ఇట్టి బిడ్డ యున్నచో, తుపాను కేంద్రమునకు చేర్చవలసినవారి జాబితాలో గర్భిణుల ప్రక్కనే ఆ ఇంటిని కూడ చేర్చుకొనుడు. ఒక నెలకు సరిపడు మాత్రలు, ఇంజెక్షను సీసా, సిరంజి, వైద్యుని చీటీ, నీరు చొరని సంచిలో కట్టి తల్లి చేతికే ఇయ్యవలెను, సామానుల బండిలో వేయరాదు.