అయిదంచుల క్రమము – అతివాహకత

జంగారెడ్డిగూడెములో ఇల్లు కట్టుకొనువారు నేలకు నాలుగంచుల పలకలనో, ఆరంచుల పలకలనో పరపింతురు. సమమైన అయిదంచుల పలకలను పరపించినచో నడుమ సందులు మిగులును. స్ఫటికములందలి పరమాణువులకును ఇదియే నియమమని శాస్త్రజ్ఞులు చిరకాలము నమ్మిరి. 1982లో షెక్ట్‌మన్ అను ఇజ్రాయేలు శాస్త్రజ్ఞుడు ఒక అల్యూమినియము–మాంగనీసు మిశ్రలోహమున అయిదంచుల సౌష్ఠవమును చూచెను. అందు క్రమము కలదు, పునరావృత్తి లేదు. ఇట్టిదే క్వాసీ స్ఫటికము.

1985లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున, మన కృష్ణా జిల్లాలో జన్మించిన పి. రామచంద్రరావుగారు, జి. వి. ఎస్. శాస్త్రిగారితో కలిసి, మెగ్నీషియము, అల్యూమినియము, జింకు కలిసిన ద్రవమును అతిత్వరితముగా చల్లార్చి క్వాసీ స్ఫటికమును సాధించిరి. ఏ మిశ్రమమున దొరకునో ముందుగా యోచించియే సాధించిరి. మేము మెచ్చుకొనునది దానినే.

ఇక అతివాహకత. 1911లో కామర్లింగ్ ఓన్నెస్ పాదరసమును మిక్కిలి చల్లార్చగా దాని విద్యుత్ నిరోధము మాయమైనది. ఎలెక్ట్రానులు జతకూడి నడచుటయే కారణమని తరువాత తెలిసినది. పునరావృత్తి లేనిచోట ఆ జతలు కుదురునా? కుదురునని 2018లో జపాను శాస్త్రజ్ఞులు చూపిరి. అదియు ఆ మూడు లోహముల మిశ్రమముననే! కాని అందులకు పరమశూన్యమునకు డిగ్రీలో ఇరువదవ వంతు దాపునకు చల్లార్చవలసివచ్చెను.

ఈ జతలకు అయస్కాంత క్షేత్రము శత్రువు. ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రపు అతివాహక తీగచుట్టలకును క్షేత్రము మితిమీరినచో ముప్పే. జతలోని స్పిన్నులు ఎదురుబొదురుగా నుండ, క్షేత్రము రెంటిని ఒకే దిక్కునకు త్రిప్పజూచును. అందుచే ఓర్పునకు పౌలీ హద్దు అను ఎల్ల ఏర్పడినది. టాంటలము–టెల్లూరియము క్వాసీ స్ఫటికము సుమారు 1 కెల్విన్ వద్ద అతివాహకమగును. 2024లో ప్రకటితమైన కొలతలను బట్టి లెక్కించగా, అది ఆ హద్దునకు రెట్టింపును మించి ఓర్చునని తేలినది.